చివరి వరుసలో ఉండేది మనవాళ్లే

బళ్లారి జిల్లా తోరణగల్లు స్టేషన్‌లో దిగి, సంచిలో ఐటీఐ సర్టిఫికెట్లు పెట్టుకుని ఉక్కు ఫ్యాక్టరీ దారి పట్టే పిల్లల్ని ఏళ్ల తరబడి చూస్తున్నాను. వాళ్లలో మన గుంతకల్లు, రాయదుర్గం పిల్లలూ ఉంటారు. పని దొరక్క, చేతిలో డబ్బులు అయిపోవచ్చే వేళకు గొలుసుకట్టు వ్యాపారం వాళ్లు ఎదురవుతారు. నాయనా, నేను ఆ గొలుసులో చిక్కి బయటపడ్డవాణ్ణి. నాలుగు మాటలు వినండి.

1. ఉద్యోగమిచ్చేవాడు జీతమిస్తాడు, డబ్బు అడగడు.
ఇంటర్వ్యూ అని పిలిచి, జీతం ఊసెత్తకుండా కార్ల ఫొటోలు చూపించి, చివర్లో కిట్టు కొనమన్నారంటే అక్కడ ఉద్యోగం లేదు. సంచి తీసుకుని లేచి రండి.

2. పిలిచేది మనవాడే.
నన్ను చేర్చింది నా సొంత బావమరిది. కాదనలేక పాతికవేలు కట్టాను. అవి రాబట్టుకోవాలని, నా షిఫ్టులోనే పనిచేసే కుర్రాణ్ణి చేర్చాను. రోజూ నా గదిలోనే అన్నం తినేవాడు. చెల్లెలి పెళ్లికి దాచిన సొమ్ము తెచ్చి నా మాట మీద కట్టాడు.

3. కాగితం మీద లెక్క వేయండి.
ఒకడు అయిదుగుర్ని, ఆ అయిదుగురూ తలా అయిదుగుర్ని చేర్చాలి. ఇలా తొమ్మిది వరుసలు దిగితే మొత్తం 24,41,406 మంది అవుతారు. 2011 జనాభా లెక్కల్లో అప్పటి బళ్లారి జిల్లా అంతా కలిపితే దాదాపు 24.5 లక్షలు. ఉయ్యాల్లో పసిబిడ్డనూ, మంచంలో ముసలమ్మనూ చేర్చినా పదో వరుసకు మనిషి దొరకడు. తొమ్మిదో వరుసలోనే 19,53,125 మంది ఉంటారు. అంటే అయిదుగురిలో నలుగురు, కింద ఎవరూ లేక, కట్టింది పోగొట్టుకునేవాళ్లే.

4. స్వప్నలోక్‌ను మరవకండి.
2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్సులో మంటలు లేచి ఆరుగురు యువతీయువకులు పొగకు ఊపిరాడక చనిపోయారు. వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం వైపు నుంచి బతుకుతెరువుకు వచ్చిన బిడ్డలు. వాళ్లు పనిచేసిన ఆఫీసుకు గొలుసుకట్టు మార్కెటింగ్ సంస్థ క్యూనెట్‌తో సంబంధం ఉందనీ, చేరేటప్పుడు వాళ్లు లక్షలు కట్టారనీ అప్పట్లో పత్రికలు రాశాయి. నిప్పు అంటుకున్న కారణం వేరు. కానీ కొలువు కోసం ఊరు దాటిన పిల్లలు తామే డబ్బు కట్టి ఆ కుర్చీల్లో కూర్చున్నారన్నది తలచుకుంటే నాకిప్పటికీ నిద్ర పట్టదు.

5. చట్టం చేరినవాణ్ణీ అడుగుతుంది.
డబ్బు తిప్పే స్కీములను 1978 నాటి కేంద్ర చట్టం నిషేధించింది. నడపడమే కాదు, సభ్యుడిగా చేరడమూ అందులో నేరమే. డైరెక్ట్ సెల్లింగ్ పేరుతో గొలుసులు నడపకూడదని 2021 నిబంధనలూ చెబుతున్నాయి. ‘మాకు రిజిస్ట్రేషన్ ఉంది’ అని కాగితం చూపిస్తే నమ్మేయకండి. ఆదాయం సరుకు అమ్మితే వస్తుందా, మనిషిని చేరిస్తే వస్తుందా అని అడగండి.

6. పోయింది మీ దగ్గరే ఆపండి.
మోసపోయామని తెలిసిన రోజే ఇంట్లో చెప్పండి. అమ్మానాన్నలు తిట్టినా అన్నం పెడతారు. పోలీసు స్టేషనుకు వెళ్లండి, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. నష్టం పూడ్చుకోవడానికి మాత్రం ఇంకొకర్ని చేర్చకండి. ఆ కుర్రాడి బాకీ వాయిదాల మీద తీర్చాను. డబ్బు తీసుకున్నాడు, నమస్కారమూ పెట్టాడు. మళ్లీ నా గదికి అన్నానికి మాత్రం రాలేదు. నా పాతికవేలు ఎప్పుడో మరిచిపోయాను. అతను తినే కంచం ఇంకా నా గూట్లోనే ఉంది.