వేఫర్ ఫ్యాక్టరీలో చేరే ముందు

సోలార్ ఉద్యోగమంటే డాబా మీద ప్యానెళ్లు బిగించడమే అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. ప్యానెల్‌కు ముందు సెల్, సెల్‌కు ముందు వేఫర్, దానికీ ముందు ఇంగాట్ అనే సిలికాన్ కడ్డీ ఉంటాయి. మన దేశంలో ప్యానెళ్ల ఫ్యాక్టరీలు బోలెడు వచ్చాయి గానీ, కడ్డీ దాకా వెళ్లినవి తక్కువ. గుజరాత్‌లోని ముంద్రాలో అదానీ సోలార్ 2022లో పెద్ద ఇంగాట్ తీసి చూపించింది. పని తెలిసినవాళ్లు కొద్దిమందే కనుక ఐటీఐ, డిప్లొమా, బీఎస్సీ చదివినవాళ్లకు ఇది మంచి దారే.

కడ్డీ తయారీకి క్వార్ట్జ్ మూసలో పాలీసిలికాన్ నింపి, ఆర్గాన్ వాయువు మధ్య 1414 డిగ్రీలు దాటించి కరిగిస్తారు. ఆ ద్రవానికి చిన్న సీడ్ స్ఫటికాన్ని తాకించి, తిప్పుతూ మెల్లగా పైకి లాగుతారు. తాకినప్పుడు సీడ్‌లో పుట్టే లోపాలు కిందికి పాకకుండా ముందు కొన్ని మిల్లీమీటర్ల మందాన సన్నటి మెడ తీస్తారు. వందల కిలోల కడ్డీ ఆఖరికి ఆ మెడకే వేలాడుతుంది. తర్వాత స్ఫటికం భుజంలా వెడల్పుగా విచ్చుకుంటుంది. అప్పుడు ఫర్నేస్ కిటికీలోంచి చూస్తే స్ఫటికం అంచున నాలుగు గీతలు తేటగా కనబడాలి. అవి చెదిరాయా, ఏకస్ఫటికం దెబ్బతిన్నట్టే. మళ్లీ కరిగించుకోవాల్సిందే, తెర మీద అంకెలన్నీ బాగున్నా సరే. ఈ చూపు అలవడిన ఆపరేటర్‌ను ఏ కంపెనీ అయినా వదులుకోదు.

కడ్డీ చేసి వేఫర్లుగా కోయడమెందుకు, నేరుగా రేకులా లాగితే పోదా అనిపించవచ్చు. కోతలో బోలెడు సిలికాన్ పొడిగా పోతుంది మరి. అమెరికాలో ఎవర్‌గ్రీన్ సోలార్ ఆ పనే చేసింది: సబ్బునీళ్లలో ముంచిన రింగుకు పొర పట్టినట్టు, రెండు తీగల మధ్య ద్రవ సిలికాన్‌ను రేకుగా పైకి తీసింది. ఆలోచన భేషైనదే. కానీ చైనా ధరల ముందు నిలవలేక 2011లో ఆ కంపెనీ దివాలా తీసింది. కనుక ఒక్క కంపెనీకే పరిమితమైన మెషీన్ మీద బతుకు పెట్టుకోవద్దు. వాక్యూమ్ లీక్ పట్టడం, గ్రాఫైట్ భాగాలు అమర్చడం, కూలింగ్ నీళ్ల లైన్లు చూసుకోవడం నేర్చుకోండి. ఫర్నేస్ మారినా ఆ పనులు మారవు.

ఇంటర్వ్యూలో జీతం ఒక్కటే అడిగి లేచి రాకండి. ఫర్నేస్ వెలిగిందంటే రోజుల తరబడి ఆరదు, నైట్ షిఫ్ట్ తప్పదు. షిఫ్ట్ 8 గంటలా, 12 గంటలా? ఒక్కరు ఎన్ని ఫర్నేస్‌లు చూడాలి? కరెంటు పోతే ఏర్పాటేమిటి? సిలికాన్ గడ్డకడితే నీళ్లలాగే ఉబ్బుతుంది, మూస పగలవచ్చు. ఆక్సిజన్ మీటర్లు ఉన్నాయా? ఆర్గాన్‌కు రంగూ వాసనా లేవు. గాలికంటే బరువు కాబట్టి గుంటల్లో చేరి, దిగిన మనిషికి ఊపిరాడకుండా చేస్తుంది.

ఇంకొకటి గట్టిగా అడగండి. ఎగ్జాస్ట్ పైపుల్లో, ఫిల్టర్లలో సన్నటి సిలికాన్ మోనాక్సైడ్ పొడి చేరుతుంది. పద్ధతి తెలియకుండా తెరిస్తే గాలి తగిలి భగ్గుమనే ప్రమాదం ఉంది. కొత్తవాళ్లకు ముందు అప్పగించేది క్లీనింగే కదా! ఆ పొడిని ఎలా తీయాలో రాసిపెట్టిన కాగితం చూపించమనండి. చూపించలేని చోట చేరకండి.