పాఠం 9: కళాశాల మైదానం నుంచి మైనర్ లీగ్ వరకు

9.0 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• అమెరికా బేస్‌బాల్‌లో మైనర్ లీగ్ అంటే ఏమిటో వివరించగలుగుతారు.
• ఒక క్రీడాకారుడు ఎదిగిన క్రమాన్ని సంవత్సరాల వారీగా చెప్పగలుగుతారు.
• ప్రతిభ, శ్రమ, అవకాశం అనే మూడింటి మధ్య తేడాను గుర్తించగలుగుతారు.

9.1 పరిచయం

క్రికెట్ మీకు బాగా తెలిసిన ఆట. బేస్‌బాల్ కూడా బంతి, బ్యాటు ఉన్న ఆటే. క్రికెట్‌లో బౌలర్ ఎలాంటివాడో ఇందులో పిచర్ అలాంటివాడు. అయితే పిచర్ బంతిని నేలకు తాకించడు; నేరుగా బ్యాటర్ వైపు విసురుతాడు. ఒకే చేతితో, అదే ఊపుతో, ఒక్కో ఆటలో ఎన్నో పదుల సార్లు విసరాలి. అందువల్ల భుజం మీద, మోచేయి మీద విపరీతమైన ఒత్తిడి పడుతుంది. ఈ విషయం గుర్తుంచుకోండి. ముందు ముందు అవసరమవుతుంది.

9.2 మైనర్ లీగ్ అంటే ఏమిటి?

అమెరికా, కెనడాలలో కలిపి 30 మేజర్ లీగ్ జట్లున్నాయి. 2021 నుంచి ఒక్కొక్క జట్టు కింద నాలుగేసి మైనర్ లీగ్ జట్లు ఉంటున్నాయి. వీటిని నాలుగు మెట్లుగా భావించండి: సింగిల్-ఏ, హై-ఏ, డబుల్-ఏ, ట్రిపుల్-ఏ. కొత్త ఆటగాడు సాధారణంగా కింది మెట్టు దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్కటే ఎక్కాలి.

ఆటగాళ్ల ఎంపికకు ఏటా డ్రాఫ్ట్ జరుగుతుంది. జట్లు వంతులవారీగా తమకు నచ్చిన యువకులను ఎంచుకుంటాయి. జట్టును ఎంచుకునే హక్కు ఆటగాడికి లేదు. తనను ఎంచుకున్న జట్టుతో ఒప్పందం చేసుకోవడమా, మానుకోవడమా అన్నదే అతడి చేతిలో ఉంటుంది.

9.3 స్థానం మారిన ఆటగాడు

జేకబ్ డిగ్రామ్ 1988లో ఫ్లోరిడా రాష్ట్రంలో పుట్టాడు. ఉన్నత పాఠశాల ముగించినప్పుడు అతడిని ఏ జట్టూ ఎంచుకోలేదు. అదే రాష్ట్రంలోని స్టెట్సన్ విశ్వవిద్యాలయంలో చేరాడు. అక్కడ అతడు షార్ట్‌స్టాప్, అంటే రెండవ, మూడవ బేస్‌ల మధ్య నిలబడి బంతిని ఆపే ఫీల్డర్. బ్యాటింగ్ అంతంత మాత్రమే. కాని అతడి విసురులో వేగం ఉంది. శిక్షకులు దాన్ని గమనించి అతడిని పిచర్‌గా మార్చారు. మూడవ సంవత్సరంలోనే అతడు పూర్తి స్థాయిలో బంతులు విసరడం మొదలుపెట్టాడు.

2010 డ్రాఫ్ట్‌లో న్యూయార్క్ మెట్స్ జట్టు అతడిని తొమ్మిదవ రౌండులో, 272వ ఆటగాడిగా ఎంచుకుంది. అంటే అతడికంటె ముందు 271 మంది ఉన్నారు!

పాఠగత ప్రశ్న 1: డిగ్రామ్ మొదట ఏ స్థానంలో ఆడేవాడు? శిక్షకులు అతడిని ఎందుకు మార్చారు?

9.4 ఆగిపోయిన ఏడాది

మెట్స్ అతడిని కింగ్స్‌పోర్ట్ అనే పట్టణంలోని కింది మెట్టు జట్టుకు పంపింది. ఆరు ఆటలు ఆడాడో లేదో, మోచేతి ఎముకలను కలిపి ఉంచే సంధిబంధనం తెగింది. ఇటువంటి గాయానికి టామీ జాన్ శస్త్రచికిత్స చేస్తారు. శరీరంలో మరోచోటి నుంచి స్నాయుబంధనాన్ని తీసి మోచేతిలో అమరుస్తారు. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ టామీ జాన్ అనే పిచర్‌కు ఈ చికిత్స తొలిసారిగా చేశారు. అందుకే ఆ పేరు. కోలుకోవడానికి ఏడాదికి పైగా పడుతుంది.

2011లో డిగ్రామ్ ఒక్క ఆట కూడా ఆడలేదు. అయితే ఆ ఏడాది వృథా కాలేదు. భుజం గాయం నుంచి కోలుకుంటున్న ప్రఖ్యాత పిచర్ యోహాన్ సాంటానా కూడా అదే శిక్షణ కేంద్రంలో ఉన్నాడు. చేతి ఊపు తగ్గకుండానే బంతి నెమ్మదిగా వెళ్ళే 'చేంజప్' అనే విసురును అతడి దగ్గర డిగ్రామ్ నేర్చుకున్నాడు.

2012లో తిరిగి మైదానంలోకి వచ్చాడు. 2013లో డబుల్-ఏ దాటి ట్రిపుల్-ఏ చేరాడు. 2014 మే 15న మేజర్ లీగ్‌లో తొలి ఆట ఆడాడు. న్యూయార్క్ యాంకీస్‌పై ఏడు ఇన్నింగ్స్‌లు విసిరి ఒక్క పరుగే ఇచ్చాడు. అయినా అతడి జట్టు 1-0 తేడాతో ఓడింది. ఆ సంవత్సరమే నేషనల్ లీగ్ ఉత్తమ నూతన ఆటగాడయ్యాడు. 2018, 2019లలో ఉత్తమ పిచర్‌కు ఇచ్చే సై యంగ్ పురస్కారం పొందాడు.

9.5 మెట్ల మీద జీవితం

మైనర్ లీగ్ జీవితం సుఖమైనది కాదు. బస్సులలో దూర ప్రయాణాలు, తక్కువ జీతాలు. ఆటలు లేని నెలల్లో చాలామంది వేరే పనులు చేసుకునేవారు. 2022లో ట్రిపుల్-ఏ ఆటగాడి కనీస వార్షిక వేతనం 17,500 డాలర్లు. ఆటగాళ్లు సంఘంగా ఏర్పడి సాధించుకున్న తొలి ఒప్పందంతో 2023లో అది 35,800 డాలర్లయింది. ఒక్కొక్కరుగా అడిగితే దొరకనిది కలిసి అడిగితే దొరికింది.

9.6 మన దేశపు యువకులు

ఉత్తరప్రదేశ్‌కు చెందిన రింకూ సింగ్, దినేశ్ పటేల్ జావెలిన్ విసిరే యువకులు. 2008లో ఒక టెలివిజన్ పోటీ ద్వారా ఎంపికై, అదే ఏడాది పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టుతో ఒప్పందం చేసుకున్నారు. అంతకుముందు వారికి బేస్‌బాల్ తెలియదు. దినేశ్ 2010లో వెనుదిరిగాడు. రింకూ సింగిల్-ఏ మెట్టు వరకు ఎక్కాడు. గాయాల వల్ల ఆపై సాగలేదు. తరువాత కుస్తీ ప్రదర్శనల రంగంలో స్థిరపడ్డాడు.

వారు శ్రమించలేదా? శ్రమించారు. డిగ్రామ్‌కు చిన్ననాటి నుంచి ఆటతో పరిచయం ఉంది, వారికి లేదు. శ్రమ తప్పనిసరి, కాని శ్రమ ఒక్కటే ఫలితాన్ని నిర్ణయించదు. కాబట్టి పై మెట్టు ఎక్కలేనివారిని చేతకానివారని అనుకోవడం సరికాదు.

9.7 మీరేం నేర్చుకున్నారు?

• మైనర్ లీగ్ అనేది మెట్లు మెట్లుగా ఉన్న శిక్షణ వ్యవస్థ.
• ఆలస్యంగా మొదలుపెట్టినవారు కూడా ముందుకు పోగలరు.
• ఆగిపోయిన కాలంలోనూ నేర్చుకోవడానికి వీలుంటుంది.

9.8 పాఠాంత ప్రశ్నలు

1. డిగ్రామ్ జీవితంలోని ముఖ్య ఘట్టాలను 2010 నుంచి 2014 వరకు వరుసగా రాయండి.
2. మైనర్ లీగ్ ఆటగాళ్ల వేతనాలు ఎలా పెరిగాయి?
3. మీ చదువు ఎప్పుడైనా మధ్యలో ఆగిందా? ఆ కాలంలో మీరు నేర్చుకున్న ఒక పనిని గురించి పది వాక్యాలు రాయండి.

పాఠగత ప్రశ్నకు జవాబు: షార్ట్‌స్టాప్. అతడి విసురులో వేగం ఉండటం వల్ల పిచర్‌గా మార్చారు.