మెయిల్ ప్రోగ్రాములోకే వార్తలు: వెబ్ ఫీడ్ చందా కట్టడం ఎలా?

హాస్టల్లో ఉన్నది ఒకే కంప్యూటరు, మన వంతుకు వచ్చేది అరగంట అనుకోండి. వార్తల సైటు ఒకటి, సైన్సు సైటు ఒకటి, ప్రకటనల సైటు ఒకటి తెరిచి కొత్తగా ఏమి పెట్టారా అని వెతికేసరికే వంతు అయిపోతుంది. తిరిగింది ఎక్కువ, చదివింది తక్కువ. ఈ తిరుగుడు తప్పించేదే వెబ్ ఫీడ్.

దీన్ని నోటీసు బోర్డుతో పోల్చవచ్చు. సైటు తనలో కొత్తగా చేరిన వాటి శీర్షిక, తేదీ, లింకు, కాస్త సారాంశం ఒక ఫైలులో రాసి ఉంచుతుంది. మన ప్రోగ్రాము మధ్యమధ్యలో వెళ్ళి ఆ బోర్డు చూసి కొత్త చీటీలు మాత్రమే పట్టుకొస్తుంది. ఈ ఫైలు రాసే పద్ధతుల్లో ఆర్‌ఎస్‌ఎస్ 1999లో నెట్‌స్కేప్ సంస్థలో పుట్టింది. 2000లో వచ్చిన ఆర్‌ఎస్‌ఎస్ 1.0 రూపకర్తల్లో ఆరన్ స్వార్ట్జ్ ఒకడు. అప్పటికి అతనికి 14 ఏళ్ళు, మన తొమ్మిదో తరగతి తమ్ముళ్ళ ఈడు!

ఇక పని. ఉచితంగా దొరికే థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాము చాలు. ఫైల్ మెనూలో న్యూ, అందులో ఫీడ్ అకౌంట్ ఎంచుకోండి. మెనూ కనబడకపోతే ఆల్ట్ మీట నొక్కండి. ఖాతా తయారయ్యాక మేనేజ్ ఫీడ్ సబ్‌స్క్రిప్షన్స్ అనే చోటికి వెళ్ళి, సైటులో ఆర్‌ఎస్‌ఎస్ అనో ఆటమ్ అనో ఉన్న లింకును కాపీ చేసి అతికించి యాడ్ నొక్కండి. తెలుగు వికీపీడియాలో ఇటీవలి మార్పుల పేజీకి ఇలాంటి ఫీడ్ ఉంది, దానితో మొదలుపెట్టి చూడవచ్చు. ఆపైన కొత్త అంశాలు ఉత్తరాల్లాగే వరుసగా వచ్చి పడతాయి. చదవనివి ముద్దక్షరాల్లో కనబడతాయి. పేజీ మొత్తం కాక సారాంశం మాత్రమే చూపమని పెట్టుకుంటే, నెట్ పోయినా వచ్చినంతవరకు చదువుకోవచ్చు.

అందరూ వాడే కంప్యూటరుకు ఇందులో ఒక మేలుంది. ఫీడ్ ఖాతాకు మన మెయిల్ చిరునామా అక్కర్లేదు, పాస్‌వర్డూ అక్కర్లేదు. కాబట్టి పోటీ పరీక్షలకో ఫోల్డరు, సైన్సుకో ఫోల్డరు పెట్టి హాస్టలంతా వాడుకోవచ్చు. సొంత మెయిల్ ఖాతాను మాత్రం అక్కడ తెరిచి ఉంచకండి. 2013 జూలైలో గూగుల్ రీడర్ మూతపడినప్పుడు దానిమీదే ఆధారపడినవాళ్ళు ఇబ్బంది పడ్డారు. మన జాబితా మన కంప్యూటరులోనే ఉంటుంది. ఎక్స్‌పోర్ట్ నొక్కి ఓపీఎంఎల్ ఫైలుగా పెన్‌డ్రైవులో దాచుకుంటే, హాస్టల్ వదిలి వెళ్ళాక కూడా మరోచోట దించుకోవచ్చు.

ఒక్క జాగ్రత్త. అన్ని సైట్లూ ఫీడ్ ఇవ్వవు. ఇచ్చేవాటిలో కూడా సాధారణంగా తాజా అంశాలు కొన్నే ఉంటాయి. వేసవి సెలవుల్లో కంప్యూటరు నెలన్నర మూసి ఉంటే, ఆ మధ్య వచ్చినవి కొన్ని జారిపోతాయి. ఫీడ్ చిరునామా మారినా ఆ ఫోల్డరు చప్పుడు లేకుండా ఆగిపోతుంది, మనమేమో ప్రకటనే రాలేదనుకుంటాం. అందుకని స్కాలర్‌షిప్పు, ప్రవేశ పరీక్షల ఆఖరి తేదీలను మాత్రం వారానికోసారి అసలు సైటు తెరిచి చూసుకోండి.