స్వస్తిక్ ముద్ర పడని ఓట్లు

నేరేడ్‌మెట్ డివిజన్ మన మల్కాజ్‌గిరి నియోజకవర్గంలోదే. 2016లో జీహెచ్‌ఎంసీ ఎన్నికలు ఓటింగ్ యంత్రాలతో జరిగాయి. 2020 డిసెంబర్ 1న మాత్రం, కరోనా కారణంగా, రాష్ట్ర ఎన్నికల సంఘం బ్యాలెట్ కాగితం పెట్టింది. ఓటరు స్వస్తిక్ ముద్ర వేయాలి. కొన్నిచోట్ల సిబ్బంది పొరపాటున పోలింగ్ కేంద్రం ముద్ర చేతికిచ్చారు. ఓటరుకేం తెలుసు? ఇచ్చిందే వేశాడు.

ఉద్దేశం స్పష్టంగా ఉంటే అలాంటి ఓటూ చెల్లుతుందని సంఘం లెక్కింపు ముందురోజు రాత్రి సర్క్యులర్ ఇచ్చింది. హైకోర్టు దాన్ని ఆపింది. నేరేడ్‌మెట్‌లో ఆధిక్యం 504, వేరే ముద్ర ఓట్లు 544! మిగతా 149 డివిజన్ల ఫలితాలు వచ్చినా ఇక్కడిది ఆగిపోయింది. కోర్టు అనుమతించాక డిసెంబర్ 9న ఆ ఓట్లూ లెక్కించారు; ఆధిక్యం 782కి చేరింది.

మన మెస్ కమిటీ ఎన్నికల్లో చీటీపై టిక్కు పెట్టినా, పేరు రాసినా ఒప్పుకుంటాం కదా! అయితే ఆ నియమం ముందే చెప్పుకుంటాం. రాత్రికి రాత్రి సర్క్యులర్ ఇవ్వడం మాకు నచ్చలేదు. సిబ్బంది పొరపాటుకు 544 ఓట్లు పారేయడం అంతకన్నా నచ్చదు. యంత్రంలో ముద్ర తగాదా రాదు. కానీ ఆ ఓట్లు కాగితంపై ఉన్నాయి కాబట్టే వారం తర్వాతైనా మళ్ళీ తీసి చూడగలిగారు.