మట్టిముద్ద: పలకకు ముందటి పాఠము

చెరకు పండు గోవాడ సీమలో శిశువులకు మట్టి క్రొత్త కాదు. అయినను 1975లో ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకపు అంగన్‌వాడీలకు 3 నుండి 6 ఏండ్ల పిల్లలను పంపు తల్లిదండ్రులు పెక్కురు వెంటనే ఓనమాలు కోరుదురు. పలకకు ముందు మట్టిముద్ద నీయవలెనని మేము తలంతుము. పిసుకుటచే వ్రేళ్లకు కలుగు పట్టే రేపు బలపమును నిలుపును.

సమానమైన రెండుండలలో నొకదానిని పామువలె సాగదీసి, "ఏది ఎక్కువ?" అని అడుగుదము. పొడవైనదే యని పిల్లలు సాధారణముగా చెప్పుదురు. స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు పియాజే ఇట్లే పరీక్షించెను. అది మందబుద్ధి కాదు, వయోధర్మము, గద్దింపరాదు. మరల ఉండ చుట్టి చూడనిత్తము.

రాళ్లు, గాజుపెంకులు ఏరి జల్లించిన మట్టినే వాడవలెను. పిదప చేతులు కడిగింపవలెను. బొమ్మ వంకరయైనను దిద్దవలదు. "ఇదేమి?" అని అడిగినచో శిశువునకు మాటయు వచ్చును.