మీ బిడ్డకు కళ్ళద్దాలు అవసరమా?



"మావాడికి చదువు మీద ధ్యాస లేదు" అని చాలామంది అంటూ ఉంటారు. బిడ్డను మందలించే ముందు ఒక్క విషయం ఆలోచించండి. బోర్డు మీద రాసింది వాడికి కనబడుతోందా? చిన్నప్పటి నుండి మసకగా చూసే బిడ్డ, అందరికీ ఇలాగే కనబడుతుందని అనుకుంటాడు. కాబట్టి తనంతట తాను చెప్పడు. గమనించవలసింది మనమే.

ఈ గుర్తులు చూడండి:

1. టీవీకి మరీ దగ్గరగా కూర్చోవడం, పుస్తకాన్ని ముక్కుకు ఆనించినట్టు పట్టుకోవడం.
2. దూరపు వస్తువును కళ్ళు చికిలించి లేదా తల ఒక పక్కకు వంచి చూడడం.
3. బోర్డు మీది లెక్కను పక్కవాడి నోటుబుక్కులో చూసి రాసుకోవడం.
4. తరచుగా కళ్ళు నులుముకోవడం, చదివితే తలనొప్పి అనడం.
5. మెల్లకన్ను.

కంటిపాప తెల్లగా మెరుస్తున్నట్టు కనిపిస్తే ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకండి.

ఇంట్లో ఒక చిన్న పరీక్ష: ఒక కన్ను అరచేతితో మూసి, గోడమీది క్యాలెండరు అంకెలు దూరం నుండి చదివించండి. తరువాత రెండో కన్ను. ఎందుకంటే ఒక కన్ను బాగుంటే, రెండోది మసకగా ఉన్నా ఎవరికీ తెలియదు. మెదడు ఆ కంటిని వాడడం మానేస్తుంది. దీన్నే లేజీ ఐ అంటారు. ఏడెనిమిదేళ్ళలోపు చికిత్స మొదలుపెడితే మంచి ఫలితం ఉంటుంది. ఆలస్యమైతే, తరువాత అద్దాలు పెట్టినా ఆ చూపు పూర్తిగా రాకపోవచ్చు.

హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వారు మహబూబ్‌నగర్ జిల్లా పల్లెల్లో 7 నుండి 15 ఏళ్ళ పిల్లలు 4,074 మందిని పరీక్షించి, 2002లో ఫలితాలు ప్రచురించారు. వెయ్యిమందిలో సుమారు 27 మందికి చూపు తక్కువగా ఉంది. సరైన అద్దాలు పెడితే ఆ సంఖ్య 8కి తగ్గింది. అయితే అప్పటికే అద్దాలతో మేలు పొందుతున్నది వెయ్యికి ఒక్కరే!

కొన్ని అపోహలు

"అద్దాలు పెడితే చూపు ఇంకా తగ్గుతుంది." తగ్గదు. ఎదిగే వయసులో పవర్ మారడం సహజం.

"క్యారెట్, ఆకుకూరలు తింటే అద్దాలు పోతాయి." అవి కంటికి మంచివే, కానీ పవర్‌ను తీసివేయలేవు.

"ఆడపిల్లకు అద్దాలైతే పెళ్ళి కాదు." చదువు పోగొట్టుకుంటే కలిగే నష్టం అంతకన్నా పెద్దది.

"మెల్లకన్ను అదృష్టం." కాదు, అది చికిత్స చేయించవలసిన లోపం.

పిల్లలకు అద్దాల షాపులో మెషీన్ పరీక్ష ఒక్కటే చాలదు. డాక్టరు కంట్లో చుక్కలు వేసి చూస్తేనే సరైన పవర్ తెలుస్తుంది. రేణిగుంట వారికి తిరుపతి దగ్గరే. అక్కడి రుయా ప్రభుత్వ ఆసుపత్రిలోను, అరవింద్ కంటి ఆసుపత్రిలోను చూపించవచ్చు. 2019 అక్టోబరులో మన రాష్ట్రంలో కంటి వెలుగు కార్యక్రమం బడిపిల్లలతోనే మొదలైంది. అయితే బడిలో ఒకసారి చూశారు కదా అని ఊరుకోవద్దు. అద్దాలు వాడే పిల్లలను ఏడాదికొకసారైనా చూపించండి. రోజూ రెండు గంటలు ఆరుబయట ఆడనివ్వండి. దగ్గరచూపు సమస్య రాకుండా అది కొంతవరకు కాపాడుతుంది.

ఈ రాత్రే క్యాలెండరు పరీక్ష చేయండి. రెండు కళ్ళకూ తేడా కనిపిస్తే సెలవుల దాకా ఆగకండి.