కంటికి కనబడని విషం

అనంతపురం పీఠభూమి వర్షచ్ఛాయా ప్రాంతం. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే ఈ ఎర్రనేలల్లో రైతు నమ్ముకున్న పంట వేరుశనగ. వాన ముఖం చాటేస్తే దిగుబడి పోతుందని అందరికీ తెలుసు. పండిన కొద్దిపాటి గింజలలోనూ ఆ కరవే విషం నింపగలదని తెలిసినవారు తక్కువ.

1960లో ఇంగ్లండులో లక్షకుపైగా టర్కీ కోళ్ళు అంతుచిక్కని వ్యాధితో మరణించాయి. వాటి దాణాలోని వేరుశనగ పిండే అందుకు కారణమని పరిశోధకులు కనుగొన్నారు. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు తయారుచేసే ఆ విషమే అఫ్లాటాక్సిన్. ఇది కాలేయ క్యాన్సరుకు దారితీస్తుంది. బూజు నేలలోనే ఉంటుంది. కాయ ఊరే దశలో బెట్ట తగిలితే నేల వేడెక్కి, గింజలో తేమ తగ్గి, మొక్క తన సహజ రక్షణశక్తిని కోల్పోతుంది. అప్పుడు బూజు గింజలోకి చొరబడుతుంది. కోత తరువాత కాయలు సరిగా ఆరకపోయినా, ఒలవడానికి సులువని నీళ్ళు చల్లినా అది విజృంభిస్తుంది. వేయించినంత మాత్రాన విషం పూర్తిగా నశించదు. కలుషితమైన చెక్కను పశువులకు పెడితే పాలలోకీ చేరుతుంది.

కిలో గింజలలో 10 మైక్రోగ్రాముల విషమంటే వంద టన్నులలో ఒక గ్రాము! ఇంత స్వల్ప పరిమాణాన్ని పసిగట్టడం ఎలా?

ఇందుకు ప్రతిదేహాలు తోడ్పడతాయి. తాళానికి తాళంచెవిలా ఇవి ఆ విషాన్ని మాత్రమే గుర్తించి పట్టుకుంటాయి. అయితే ఆ కలయిక కంటికి కనబడదు. కనుక ఎలిసా పరీక్షలో ఒక ఎంజైమును జతచేస్తారు. ఒక్క ఎంజైము అణువు వేలాది రంగులేని అణువులను రంగు పదార్థంగా మార్చగలదు. ఆ రంగు గాఢతను కొలిచి విషం పరిమాణాన్ని లెక్కిస్తారు. హైదరాబాదు సమీపంలోని పటాన్‌చెరువులో ఉన్న ఇక్రిశాట్ సంస్థ ఈ పరీక్షను తక్కువ ఖర్చుతో జరిగేలా రూపొందించింది.

ఎలిసాకు ప్రయోగశాల కావాలి. కాగితపు పట్టీకి అది అక్కరలేదు. అందులో సాధారణంగా బంగారు నానోకణాలను వాడతారు. నానోమీటరు అంటే మీటరులో వందకోట్లవ వంతు. అంత సూక్ష్మస్థితిలో బంగారం పసుపుగా గాక ఎర్రగా కనిపిస్తుంది. ప్రతిదేహాలు పూసిన ఈ కణాలు పట్టీ మీద ప్రవహించి ఎర్రని గీతగా నిలుస్తాయి. నమూనాలో విషం ఎక్కువగా ఉంటే ప్రతిదేహాలు ముందే దానితో నిండిపోతాయి గనుక పరీక్ష గీత ఏర్పడదు. ఇక్కడ గీత కనబడకపోవడమే ప్రమాద సూచన! 2016లో ఇక్రిశాట్ పొలం వద్దనే వాడదగిన ఇటువంటి పట్టీ పరీక్షను ప్రకటించింది.

అయితే విషం గింజలన్నిటిలో సమంగా ఉండదు. బస్తాలో కొన్ని గింజలే చెడి ఉండవచ్చు. అందువల్ల పలుచోట్ల నుండి గింజలు తీసి, పొడిచేసి, బాగా కలిపిన తరువాతే పరీక్షించాలి.

ఐరోపా సమాఖ్య నేరుగా తినే వేరుశనగలో కిలోకు 4 మైక్రోగ్రాములకు మించి అఫ్లాటాక్సిన్‌ను అనుమతించదు. పరీక్ష కొనుగోలుదారు చేతిలో మాత్రమే ఉంటే, రైతు తన పంట విలువ తెలియకుండానే బేరానికి కూర్చోవలసి వస్తుంది. అదే పరీక్ష గ్రామానికి చేరితే, చెడిన కాయలను ముందే వేరుచేసి తన పంటను, తన బిడ్డల ఆరోగ్యాన్ని కాపాడుకోగలడు. విజ్ఞానం ప్రయోగశాల గడప దాటినప్పుడే సార్థకమవుతుంది.

ప్రశ్నలు
1. బెట్టకు, అఫ్లాటాక్సిన్‌కు గల సంబంధాన్ని వివరించండి.
2. పట్టీపై గీత కనబడకపోవడం దేనికి సూచన? ఎందువల్ల?